సున్నా అన్నవాళ్లకు 354 పేర్లతో జవాబు

గ్రూప్స్ నోట్స్‌లో ఒక్క మార్కు బిట్‌గా మిగిలిపోయిన సురవరం ప్రతాపరెడ్డి జీవితంలో ఉద్యోగార్థులు నేర్చుకోవాల్సింది చాలానే ఉంది. ఆయన విగ్రహం మీ గదికి అరగంట నడక దూరంలోనే, హుస్సేన్‌సాగర్ గట్టు మీద ఉంది.

ఒకసారి మీ నోట్స్ తీసి చూడండి. తెలంగాణ ఉద్యమ చరిత్రలోనో, సంస్కృతి, సాహిత్యం అనే యూనిట్‌లోనో ఆయన పేరు తప్పకుండా ఉంటుంది. గోలకొండ పత్రిక, 1926. గోలకొండ కవుల సంచిక, 1934, 354 మంది కవులు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర, సాహిత్య అకాడమీ అవార్డు, 1955. మూడు లైన్లు. వాటి మీద హైలైటర్ రుద్ది పేజీ తిప్పేసి ఉంటారు. తప్పేం లేదు. సిలబస్ సముద్రమంత ఉన్నప్పుడు ఎవరైనా చేసేది అదే.

కానీ ఆ 354 అనే అంకె ఊరికే పుట్టలేదు. మీ ప్రాంతంలో చెప్పుకోదగ్గ కవులే లేరని ఒకరు తేల్చేస్తే, కోపంతో నాలుగు మాటలు అనేసి ఊరుకోకుండా, ఊరూరా ఉన్న కవుల్ని వెతికి, లెక్కపెట్టి, అచ్చువేసి చూపించిన పని అది. మీకు ఇంకా ఏ ఉద్యోగమూ రాలేదా అని పండగకు ఇంటికెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలాంటి మాట విన్నాక ఏం చేయాలన్నది మనందరి ప్రశ్న. అందుకే ఈ జీవితాన్ని బిట్లుగా కాకుండా మొదటి నుంచి ఒకసారి చదవండి.

అశోక్‌నగర్ నుంచి అరగంట

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే సీటు కోసం వచ్చేవాళ్లు, లోపల చోటు దొరక్క చెట్ల కింద కూర్చుని చదివేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. అశోక్‌నగర్, గాంధీనగర్ గల్లీల్లో హాస్టళ్లు, మెస్‌లు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు అన్నీ మీ చుట్టూనే తిరుగుతాయి. ఏడాదో రెండేళ్లో ఇక్కడే ఉండి, గది నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి మెస్‌కు తప్ప మరో దారి చూడకుండా ఊరికి తిరిగి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

ఒక ఆదివారం సాయంత్రం ఇందిరా పార్కు దాటి, లోయర్ ట్యాంక్‌బండ్ మీదుగా గట్టు పైకి నడవండి. ఎదురుగా హుస్సేన్‌సాగర్. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన చెరువు ఇది. అంటే 1591లో పుట్టిన హైదరాబాద్ కన్నా వయసులో పెద్దది. ఈ ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. చెరువు నీళ్లకూ తెలుగు పద్యానికీ ఇక్కడ చుట్టరికం ఇవాళ్టిది కాదు.

గట్టు పొడవునా 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టించిన విగ్రహాలు ఉంటాయి. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య, క్షేత్రయ్య, గురజాడ, జాషువా, శ్రీశ్రీ, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్. మీ సాహిత్యం సిలబస్ దాదాపుగా అంతా గట్టు మీద నిలబడి ఉన్నట్టే. సెల్ఫీలు దిగేవాళ్లు చాలామంది ఉంటారు, కింద రాసిన పేరు చదివేవాళ్లు తక్కువ. మీరు మాత్రం పేర్లు చదువుకుంటూ నడవండి. ఆ వరసలో సురవరం ప్రతాపరెడ్డి విగ్రహం దగ్గర కాసేపు ఆగండి.

బోరవెల్లి నుంచి మద్రాసు దాకా

ఆయన పుట్టింది 1896 మే 28న, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో. స్వగ్రామం ఇటిక్యాలపాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. చిన్నప్పుడే తండ్రి పోయారు. కర్నూలులో వకీలుగా ఉన్న చిన్నాన్న రామకృష్ణారెడ్డి ఆయన్ని చేరదీసి చదివించారు. తుంగభద్రకు అటు కర్నూలు, ఇటు నిజాం రాజ్యం. ఆ రెండింటి మధ్య పెరిగిన పిల్లవాడికి బ్రిటిష్ పాలన కింద ఉన్న తెలుగువాళ్ల బతుకూ, నిజాం పాలన కింద ఉన్న తెలుగువాళ్ల బతుకూ రెండూ తెలిసొచ్చాయి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏ. ఆపైన బీఎల్. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పార్శీ, ఇంగ్లిష్ భాషల్లో బాగా పట్టు సంపాదించారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ భాషల్లో ఏదీ ఆయన సరదాకు నేర్చుకున్నది కాదు. ఆనాటి హైదరాబాద్‌లో సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది. పాత దస్తావేజు పార్శీలో ఉండేది. చట్టం పుస్తకం, బయటి ప్రపంచం వార్త ఇంగ్లిష్‌లో వచ్చేవి. పాత శాస్త్రాలు చదవాలంటే సంస్కృతం కావాలి. జనంతో మాట్లాడాలంటే తెలుగే దిక్కు. ఒక్క భాష తగ్గినా ఆయన తర్వాత చేసిన పనుల్లో ఏదో ఒకటి ఆగిపోయేది.

చేతిలో లా పట్టా ఉంది. చిన్నాన్న బాటలోనే వకీలుగా స్థిరపడితే డబ్బుకు, పలుకుబడికి లోటుండదు. ఇంట్లోవాళ్లు ఎవరైనా కోరుకునేది అదే. ఆయన మాత్రం హైదరాబాద్‌లో ఒక విద్యార్థి వసతిగృహం బాధ్యత తీసుకున్నారు.

హాస్టల్లో మొదలైన పని

నారాయణగూడలో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు మీద మహిళా కళాశాల ఉంది కదా, ఆ వెంకటరామారెడ్డి నిజాం కాలంలో నగర కొత్వాల్. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పోలీసు కమిషనర్. పల్లెల నుంచి చదువుకోసం నగరానికి వచ్చే పిల్లలకు తలదాచుకునే చోటు ఉండాలని ఆయన చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. 1924లో దాని నిర్వహణ ప్రతాపరెడ్డి చేతికి వచ్చింది.

మీరు ఇప్పుడు హాస్టల్లోనే ఉంటున్నారు కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బియ్యం లెక్కలు, ఫీజుల వసూళ్లు, పిల్లల గొడవలు, వంటవాళ్లతో తంటాలు. బీఏ, బీఎల్ చదివిన మనిషికి ఇది చిన్న పనిగా అనిపించొచ్చు. కానీ ఆయన ఆ హాస్టల్లో లైబ్రరీని పెంచారు. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో పుస్తకాలు తెప్పించి పెట్టారు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు పేపర్ చదవడం, మాట్లాడటం, రాయడం అలవాటు చేశారు. తర్వాతి రోజుల్లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వంటి సంస్థ 1943లో రెడ్డి హాస్టల్ ఆవరణలోనే పురుడు పోసుకుందంటే, అప్పటికి ఆ చోటు ఉత్త తిండి, పడక దొరికే చోటుగా మిగల్లేదని అర్థం.

అప్పటి పరిస్థితి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లు. పాలన, కోర్టు, పై చదువు మాత్రం ఉర్దూలో. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో బోధనా భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోలచేసి ఆపేశారు. ఆ రాత్రే కొందరు యువకులు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. సొంత భాషలో మాట్లాడితే ఎగతాళి, నలుగురు కూడితే అనుమానం. మరి జనం తమ మాట ఎక్కడ చెప్పుకోవాలి?

వారానికి రెండుసార్లు

ఈ ప్రశ్నకు జవాబే పత్రిక. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెలుగు పత్రిక మొదలయ్యాయి. రాజధాని నగరం నుంచి నిలదొక్కుకునే తెలుగు పత్రిక ఒకటి కావాలని అనుకున్నారు. వెంకటరామారెడ్డి అండతో 1926 మే 10న గోలకొండ పత్రిక బయటికి వచ్చింది. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పటికి ఆయన వయసు సరిగ్గా ముప్పై కూడా నిండలేదు.

పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. ఈ రెండుసార్లు అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. అప్పట్లో ఒక్కో అక్షరాన్నీ సీసం ముక్కల నుంచి ఏరి, వరస పేర్చి, అచ్చు తీసి, తప్పులు దిద్ది మళ్లీ అచ్చు తీయాలి. వార్తలు జిల్లాల నుంచి ఉత్తరాలుగా రావాలి. డబ్బు ఎప్పుడూ చాలదు. సంపాదకీయం, వ్యాసం, కథ, విమర్శ, ప్రూఫులు దిద్దడం, చాలా పనులు ఆయనే చూసుకున్నారు. ఒకే సంచికలో ఒకే మనిషి పేరు పదే పదే కనబడకుండా రకరకాల మారుపేర్లతో రాశారు. ఒంట్లో బాగున్నా లేకపోయినా గురువారం వచ్చేస్తుంది, ఆదివారం వచ్చేస్తుంది అన్నట్టుగా సంచిక గడువు మీదకు వస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ గడువు తప్పకుండా నిలబడటమే ఆయన మొదటి గెలుపు. 1947లో అది దినపత్రిక అయింది.

పత్రికలో ఏముండేది? పల్లెల్లో దేశ్‌ముఖుల, అధికారుల జులుం, వెట్టిచాకిరీ, తెలుగు బళ్లు లేకపోవడం, గ్రంథాలయాల అవసరం, సాహిత్య చర్చలు. సర్కారుకు ఇది మింగుడుపడలేదు. హెచ్చరికలు వచ్చాయి, ఆంక్షలు వచ్చాయి. సంపాదకీయాలను ముందుగా చూపించి అనుమతి తీసుకోవాలని ఒత్తిడి వచ్చినప్పుడు ఆయన సొంత మాటలు ఆపేసి, ఆ చోట ప్రపంచ మేధావుల సూక్తులు వేశారని ఇప్పటికీ పత్రికారంగంలో చెప్పుకుంటారు. చదివేవాడికి అర్థం కావాల్సింది అర్థమయ్యేది, పట్టుకోవాల్సినవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు.

కవులు పూజ్యమట!

ఇక మీ ఒక్క మార్కు బిట్ దగ్గరికి వద్దాం. తెలుగులో పూజ్యం అంటే పూజించదగినది అని ఒక అర్థం. సున్నా అని ఇంకో అర్థం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశాడు. ఆయన ఉద్దేశం రెండో అర్థమే. తెలంగాణలో చదువుకున్నవాళ్లను ఆ మాట బాగా గుచ్చింది.

ఇప్పుడైతే ఏం జరిగేదో మీకు తెలుసు. రెండు రోజులు సోషల్ మీడియాలో తిట్లు, మూడో రోజు ఇంకో గొడవ. ప్రతాపరెడ్డికి కూడా చేతిలో పత్రిక ఉంది. నాలుగు ఘాటైన సంపాదకీయాలు రాసి ఊరుకోవచ్చు. ఆయన ఎంచుకున్న దారి వేరు. కవులు ఉన్నారని నేను అనడం కాదు, కవులే కనిపించాలి అనుకున్నారు. మీ పద్యాలు పంపండి, మీ పేరు, ఊరు, వివరాలు రాసి పంపండి అని పత్రిక ద్వారా పిలుపిచ్చారు.

ఊళ్ల నుంచి టపా రావడం మొదలైంది. బడిపంతుళ్లు, పురోహితులు, పటేల్ పట్వారీలు, చేతిపనుల వాళ్లు, సంస్థానాల పండితులు. కొందరి పద్యం ఆ ఊరి పొలిమేర దాటి ఎప్పుడూ వెళ్లలేదు. కొందరు జీవితంలో అచ్చులో తమ పేరు చూసుకోలేదు. వచ్చిన ప్రతిదాన్నీ చదవాలి, ఎంచాలి, దిద్దాలి, వివరాలు సరిచూడాలి. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అందులో 354 మంది కవుల పద్యాలు, వాళ్ల వివరాలతో సహా ఉన్నాయి.

ఆ పండితుడి మాటకు జవాబు ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం చూపిస్తే చాలు. వాదన అక్కర్లేదు. ఇవాళ సున్నా అన్న మాట ఎవరికి గుర్తుందంటే, ఆ జవాబు గుర్తుంది కాబట్టి మాత్రమే గుర్తుంది. ఇంకో సంగతి. ఆ 354 మందిలో అందరూ గొప్ప కవులని ఎవరూ అనరు. ఆయన ఉద్దేశమూ అది కాదు. ఇక్కడ తెలుగు బతికే ఉంది, ఇన్ని ఊళ్లలో ఉంది, ఇన్ని రకాల మనుషుల్లో ఉంది అని నిరూపించడానికి ఆ అంకె సరిపోయింది. సాక్ష్యం బలం అదే.

జోగిపేట వేదిక

ఈ సంచికకు నాలుగేళ్ల ముందే ఆయన ఇంకో బాధ్యత మోశారు. 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఆంధ్ర జన సంఘంగా మొదలైన ప్రయత్నం పెద్ద వేదికగా మారిన సందర్భం అది. అధ్యక్షత వహించింది ప్రతాపరెడ్డి. అదే చోట నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. తొమ్మిదేళ్ల కిందట తెలుగులో నోరు విప్పితే గోల చేసిన రాజ్యంలో, తెలుగువాళ్లు తమ చదువు, పన్నులు, వెట్టి, స్త్రీల స్థితి గురించి తమ భాషలో రోజుల తరబడి చర్చించుకున్నారు.

ఈ కథలో మాడపాటి హనుమంతరావు పేరు కూడా మీకు తగులుతుంది. నారాయణగూడలో ఆయన పేరుతో ఉన్న బాలికల పాఠశాల ముందు నుంచి మీరు ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో. ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి 1928లో మొదలైన బడి అది. తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించి నడిపించారు. దారి మూసుకుపోతే పక్కదారి వెతకడం ఆ తరానికి బాగా తెలుసు.

రాజులు వెనక్కి, జనం ముందుకి

ప్రతాపరెడ్డి పుస్తకాల్లో అందరికీ తెలిసింది 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది. పరీక్ష కోసం చరిత్ర చదివి చదివి మీకు విసుగు పుట్టే ఉంటుంది. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఎన్ని గుళ్లు కట్టించాడు. ఈ పుస్తకం అడిగే ప్రశ్నలు వేరు. ఆ కాలంలో మామూలు మనిషి ఏం తిన్నాడు? ఏం కట్టుకున్నాడు? పిల్లలు ఏ ఆటలు ఆడారు? సంతలో ఏం అమ్మారు? ఏ దేవరకు మొక్కారు? పన్ను ఎవరు వసూలు చేశారు? పెళ్లిళ్లు ఎలా చేశారు?

ఈ ప్రశ్నలకు శాసనాల్లో జవాబులు తక్కువ. శాసనం రాజు వేయించింది కదా, అందులో రాజు గొప్పే ఉంటుంది. అందుకని ఆయన కావ్యాల్లో వెతికారు. పాల్కురికి సోమనాథుడి 'బసవ పురాణం', 'పండితారాధ్య చరిత్ర' చదివి కాకతీయుల కాలం జనజీవితాన్ని ఏరారు. 'క్రీడాభిరామం' నుంచి ఓరుగల్లు వీధుల్ని బయటికి తీశారు. 'ఆముక్తమాల్యద' నుంచి విజయనగర కాలపు పల్లెను, ఆ తర్వాతి కాలానికి 'శుకసప్తతి', 'హంసవింశతి' వంటి కథాకావ్యాల నుంచి ఇళ్లను, వస్తువులను, వృత్తులను పట్టుకున్నారు. అందరూ అలంకారాల కోసం, రసం కోసం చదివే పద్యాన్ని ఆయన సాక్షి వాంగ్మూలంలా చదివారు. వకీలు చదువు ఎక్కడికీ పోలేదన్నమాట.

మరో చిక్కు ఉంది. పాత కావ్యంలో ఒక ఆట పేరు వస్తుంది, ఒక పిండివంట పేరు వస్తుంది. నిఘంటువు తెరిస్తే అది ఒక ఆట, అది ఒక భక్ష్యం అని ఉంటుంది అంతే. ఆ మాత్రం మనకూ తెలుసు కదా! అలాంటి అర్థాలతో ఆయన తృప్తిపడలేదు. ఆ మాట పల్లెల్లో ఇంకా ఎక్కడైనా బతికి ఉందేమో అని చూశారు. ఏ వృత్తి వాళ్ల మాట అయితే ఆ వృత్తి వాళ్లకే దాని అర్థం తెలుస్తుందని నమ్మారు. రాజరాజ నరేంద్రుడి నాటి తూర్పు చాళుక్యుల నుంచి 1907 వరకు, దాదాపు తొమ్మిది వందల ఏళ్ల జనం బతుకు ఇలా ఒక్క సంపుటంలోకి వచ్చింది.

దీంతోపాటు 'హిందువుల పండుగలు', 'రామాయణ విశేషాలు' వంటి పరిశోధనలు, 'మొగలాయి కథలు', నాటకాలు, చిన్న చిన్న పుస్తకాలు ఎన్నో రాశారు. 'గ్రంథాలయోద్యమం' అని ఒకటి, 'ప్రజాధికారములు' అని ఒకటి, 'యువజన విజ్ఞానం' అని ఒకటి. ఆ పేర్లు చూస్తేనే ఎవరి కోసం రాశారో తెలిసిపోతుంది.

చూడకుండా పోయిన అవార్డు

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి కాంగ్రెస్ తరఫున ఆయన శాసనసభకు గెలిచారు. ఎక్కువ కాలం పనిచేసే అవకాశం దొరకలేదు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు.

రెండేళ్లు గడిచాయి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తొలిసారి అవార్డులు ప్రకటించింది. తెలుగులో ఆ మొదటి అవార్డు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు. ఇంకో డెబ్బై ఏళ్లకు, 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ బిల్లు ఆమోదించింది. తెలుగులో చదువుకోవడానికి యూనివర్సిటీ లేని రాజ్యంలో పత్రిక పెట్టిన మనిషి పేరు ఇవాళ ఒక యూనివర్సిటీ గేటు మీద ఉంది.

ఇక్కడ మిమ్మల్ని మోసం చేయడం ఇష్టం లేదు. కష్టపడితే ఫలితం వెంటనే వస్తుందని ఈ జీవితం చెప్పదు. కొన్నిసార్లు ఫలితం మనిషి పోయాక వస్తుంది. నోటిఫికేషన్ వాయిదా పడ్డా, కోర్టు కేసుల్లో ఇరుక్కున్నా, ఒక్క మార్కులో లిస్టు తప్పిపోయినా ఆ బాధ నిజమైనదే. ఆయన జీవితాన్ని చూపించి దాన్ని చిన్నది చేయడం తప్పు. ఆయనకు చదివించే చిన్నాన్న ఉన్నారు, అండగా నిలిచే వెంకటరామారెడ్డి ఉన్నారు. మీలో చాలామందికి ఆ రెండూ లేవు. కాబట్టి ఆయనలాగా వచ్చే జీతాన్ని వదులుకోండని ఎవరూ చెప్పకూడదు.

మరి మీకు పనికొచ్చేది ఏమిటి?

మొదటిది, చదివింది మీ సొంతం కావాలి. పరీక్ష రద్దయినా, సిలబస్ మారినా మిగిలేది అదే. ప్రతాపరెడ్డి చదివిన లా ఆయన్ని జడ్జిని చేయలేదు, కానీ చరిత్రను సాక్ష్యంతో రాయడం నేర్పింది. మీరు ఈ రెండేళ్లలో చదివిన రాజ్యాంగం, ఆర్థిక శాస్త్రం, చరిత్ర ఉత్త మార్కుల కోసమే అనుకుంటే మార్కులు రాని రోజు అంతా పోయినట్టు అనిపిస్తుంది. వాటితో ఒక వ్యాసం రాయగలిగితే, ఊళ్లో నలుగురికి ఒక పథకం దరఖాస్తు అర్థమయ్యేలా చెప్పగలిగితే అది మీ దగ్గరే ఉంటుంది.

రెండోది, రెండు భాషలైనా గట్టిగా పట్టండి. తెలుగులో తప్పుల్లేకుండా ఒక పేజీ, ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా ఒక పేజీ రాయగలిగినవాళ్లు ఇవాళ కూడా తక్కువే. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసానికి అదే కావాలి. పత్రికలు, టీవీ, అనువాదం, ప్రచురణ, గ్రంథాలయాలు, పురావస్తు పత్రాల విభాగాలు, ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతారు. ఉర్దూ చదవడం కూడా వస్తే హైదరాబాద్ చరిత్రలో మీకు తెరుచుకునే తలుపులు ఇంకా ఎక్కువ.

మూడోది, పేరు, ఊరు, తేదీ రాసుకునే అలవాటు. 354 అన్నది ఒకే రోజు వచ్చిన అంకె కాదు. ఒక్కో ఉత్తరం, ఒక్కో పేరు. ఈసారి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఒక చిన్న నోటుబుక్కు తీసుకెళ్లండి. మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి, ఇప్పుడు ఎవరూ వాడని ఇరవై మాటలు రాసుకోండి. వ్యవసాయం పనిముట్లు, ఆటలు, వంటలు, కొలతలు. ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో చెప్పారో పక్కన రాయండి. సివిల్స్ ఇంటర్వ్యూలో అయినా, ప్రైవేటు కంపెనీలో అయినా మీ ఊరి గురించి చెప్పండి అన్న ప్రశ్న రావచ్చు. గూగుల్‌లో దొరికే నాలుగు ముక్కలు అందరూ చెబుతారు. ఆ ఇరవై మాటలు మాత్రం మీరొక్కరే చెప్పగలరు.

నాలుగోది, ఎవరైనా మిమ్మల్ని సున్నా అంటే వెంటనే నోటితో జవాబు చెప్పాలన్న తొందర వద్దు. ఆయన నోటితో చెప్పలేదు. పిలుపిచ్చి, సేకరించి, సరిచూసి, అచ్చువేసే వరకు ఆగారు. జవాబు ఆలస్యమైనా ఫర్వాలేదు, అది చేతిలో పట్టుకుని చూపించగలిగేదిగా ఉండాలి.

పరీక్ష కోణంలో గుర్తుంచుకోండి

• జననం 1896 మే 28, బోరవెల్లి. మరణం 1953 ఆగస్టు 25.
• గోలకొండ పత్రిక ప్రారంభం 1926 మే 10. అంతకుముందు 1922లో నీలగిరి పత్రిక, తెలుగు పత్రిక.
• తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930, జోగిపేట. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మహిళా సభ అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ.
• గోలకొండ కవుల సంచిక 1934, 354 మంది కవులు.
• ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ అవార్డు 1955, మరణానంతరం.
• 1952లో వనపర్తి శాసనసభ్యుడు.

ఒక్క ఆదివారం చాలు

ఉదయం సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం బయటి నుంచైనా చూడండి. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయోద్యమానికి అది మొదటి మెట్టు. అక్కడి నుంచి తిలక్ రోడ్డులోని సారస్వత పరిషత్తు దగ్గరే. మధ్యాహ్నం నారాయణగూడ మీదుగా చిక్కడపల్లికి వచ్చేయండి. త్యాగరాయ గానసభలో సాయంత్రాలు తరచూ ఏదో ఒక సాహిత్య సభ ఉంటుంది, అదేమిటో బోర్డు మీద చూసుకోండి. ఎండ తగ్గాక ట్యాంక్‌బండ్. ఖర్చు టీ డబ్బులు. సోమవారం లైబ్రరీలో మళ్లీ ఆ పేజీ తెరిచినప్పుడు 354 పక్కన పెన్సిల్‌తో మీ ఊరి పేరు రాసుకోండి. ఆ సంచిక ఎప్పుడైనా చేతికి అందితే, మీ ఊరి కవి, మీ మండలం కవి, కనీసం మీ జిల్లా కవి అందులో ఉన్నాడేమో వెతకండి.